ఎల్‌సీ తీసుకున్న మనిషి: ఒక మెంటార్ కేసు నివేదిక

ఈ కేసులో ఇద్దరున్నారు. ఒకరు పదహారేళ్ల అబ్బాయి, మరొకరు అరవై రెండేళ్ల రిటైర్డ్ లైన్‌మన్. కాగితాల ప్రకారం నా కేసు అబ్బాయిదే. ఫైలు అతనిది, ప్రొబేషన్ (మంచి నడవడిక షరతు మీద ఇంటికి పంపడం) ఉత్తర్వు అతనిది, నేను కౌన్సెలింగ్ చేయవలసింది అతనికే. కానీ పద్నాలుగు నెలల నోట్సు ఇప్పుడు తిరగేస్తే సగానికి పైగా పేజీలు ఆ పెద్దాయన గురించే ఉన్నాయి. అన్ని పేజీలు రాయవలసి రావడంలో నా తప్పు కూడా ఉంది. పిల్లలకు మెంటార్లను, అంటే తోడుగా నిలిచే పెద్దలను, జతచేసే పనిలోకి కొత్తగా వస్తున్నవారికి ఉపయోగపడుతుందని జరిగినదంతా రాస్తున్నాను.

చట్టంతో ఘర్షణ పడిన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది. అందుకని పేర్లు రాయడం లేదు, కొన్ని వివరాలు మార్చాను. పలాస చుట్టుపక్కల జరిగిందని మాత్రం చెబుతాను, ఎందుకంటే ఆ నేల లేకుండా ఈ కేసు అర్థం కాదు. రాసినదాన్ని ఇద్దరికీ చదివి వినిపించాను. పెద్దాయన ఒక్కచోట దిద్దించారు. అది ఎక్కడో తర్వాత చెబుతాను.

అబ్బాయి

పొలాల్లోని ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను దించి, నూనె పారబోసి, లోపలి రాగి తీగ ఎత్తుకుపోయిన ముఠాలో ఇతను అయిదోవాడు. మిగతా నలుగురూ పెద్దవాళ్లు. ఇతని పని తాడు పట్టుకోవడం, రోడ్డు మీద ఎవరైనా వస్తే ఈల వేయడం. వాటాగా ఇచ్చింది ఎనిమిది వందల రూపాయలు. విద్యుత్ సామగ్రి దొంగతనానికి 2003 విద్యుత్ చట్టంలో ఉన్న శిక్ష మూడేళ్ల వరకు. గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని నేరాలను జువెనైల్ జస్టిస్ చట్టం చిన్న నేరాలుగా లెక్కిస్తుంది. విచారణ తర్వాత జువెనైల్ జస్టిస్ బోర్డు అతన్ని తల్లి సంరక్షణలో ఏడాది ప్రొబేషన్ మీద పంపింది, కౌన్సెలింగ్‌కు హాజరు కావాలని చెప్పింది.

ఉత్తర్వులో ఇంతే ఉంటుంది. సామాజిక దర్యాప్తు నివేదికలో ఇంకొంచెం ఉంటుంది. అసలు సంగతి నాకు మూడో కౌన్సెలింగ్ సిట్టింగులో తెలిసింది. తండ్రిది ఉద్దానం కిడ్నీ జబ్బు, పలాస చుట్టూ ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఎందరికో వచ్చేది. చివరి రెండేళ్లు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. తల్లి జీడిపిక్కల పనికి వెళ్లకపోతే ఇల్లు గడవదు, అందుకని తండ్రి వెంట వెళ్లేది ఈ పిల్లవాడే. పదమూడేళ్ల వయసులో తండ్రి భుజం పట్టుకుని బస్సు ఎక్కించేవాడు, నాలుగు గంటలు బయట బల్ల మీద కూర్చునేవాడు, మళ్లీ ఇంటికి తెచ్చేవాడు. బడిలో హాజరు పడిపోయింది. తొమ్మిదో తరగతి మధ్యలో పేరు పోయింది. ఆ తర్వాత ఆరు నెలలకు తండ్రీ పోయాడు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయి. ఈ ఇంటికి అప్పటికే ఆలస్యమైంది.

వాళ్ల ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు తల్లి నాకు మంచినీళ్లు ఇస్తూ చేతులు చీరకొంగులో దాచుకుంది. జీడి రసం అంటిన చేతులు అవి. బూడిద రాసుకుని పిక్కలు కొట్టినా వేళ్ల చివర్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేస్తుంది. ఆ చేతులతోనే కొడుకు అరెస్టు కాగితం మీద వేలిముద్ర వేసిందట. "సరిగ్గా పడలేదని మూడుసార్లు వేయించారమ్మా" అంది. గీతలు అరిగిపోయిన వేళ్లకు ముద్ర ఎలా పడుతుంది!

అబ్బాయి దురుసుగా ఉండేవాడు కాదు. దేనికీ స్పందించేవాడు కాదు, అంతే. ఏమి అడిగినా "అలాగే మేడమ్" అనేవాడు. నా అనుభవంలో తిరగబడే పిల్లలకన్నా ఈ "అలాగే" పిల్లల గురించే ఎక్కువ భయపడాలి. తిరగబడేవాడికి ఇంకా ఏదో కావాలని ఉంటుంది.

పెద్దాయన

ముప్పై నాలుగేళ్ల సర్వీసు. స్తంభం ఎక్కే లైన్‌మన్‌గా మొదలై లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు, జీడితోటలతో పాటు కరెంటు స్తంభాలూ వరుసగా నేలకూలాయి. ఆ రోజుల్లో ఆయన ఇంటికి వెళ్లకుండా పనిచేశారు. ఒక్కో ఊరికి లైటు వచ్చినప్పుడు జనం ఎలా అరిచేవారో చెబుతుంటే ఆయన గొంతు ఇప్పటికీ మారిపోతుంది. "మా కోసం ఎదురుచూసేవారు మేడమ్. జీపు చప్పుడు వినగానే పిల్లలు రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చేవారు."

రిటైరైన మూడు నెలలకు భార్య చనిపోయారు. కొడుకు బెంగళూరులో. స్వచ్ఛంద మెంటార్ల కోసం మేము పెట్టిన సమావేశానికి ఆయన వచ్చేసరికి ఆమె పోయి ఎనిమిది నెలలు. దరఖాస్తులో "ఎందుకు రావాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్నకు "ఖాళీగా ఉన్నాను" అని రాశారు.

నేను ఆ జవాబులో నిజాయతీని చూశాను. అందులోని లోతును చూడలేదు. "సమాజసేవ", "యువతకు స్ఫూర్తి" అని పేజీలు నింపేవాళ్ల మధ్య ఆ ఒక్క మాట నచ్చింది నాకు. పోలీసు ధ్రువీకరణ వచ్చింది, రెండు రోజుల శిక్షణ అయింది, నియమాల కాగితం మీద సంతకం పెట్టారు. పిల్లవాడిని నలుగురూ తిరిగేచోటే కలవాలి. డబ్బు ఇవ్వకూడదు. ఫొటోలు ఎవరికీ పంపకూడదు. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్లు వద్దు. కనీసం ఏడాది కొనసాగాలి. ఈ చివరి నియమం ఊరికే పెట్టింది కాదు. అమెరికాలో ఇలాంటి మెంటార్ జంటలను పరిశీలించి గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాదికి పైగా నిలిచిన బంధాల వల్ల పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జంటల్లో పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం ముందుకన్నా తగ్గింది. అంటే మధ్యలో వదిలేసే మెంటార్ కన్నా అసలు మెంటార్ లేకపోవడమే నయం కావచ్చు.

ఇన్ని నియమాలు పెట్టిన నేను, ఆయన సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయని ఒక్కసారి కూడా అడగలేదు.

జత

ట్రాన్స్‌ఫార్మర్ దొంగతనం కేసు పిల్లవాడిని లైన్‌మన్‌కు అప్పగించడం నాకు మొదట ఇష్టం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే రైతులు ముందుగా తిట్టేది లైన్‌మన్‌నే. ఆ కోపం మనసులో ఉన్న మనిషి ఈ పిల్లవాడితో ఎలా మాట్లాడతాడు? ఆ మండలంలో అందుబాటులో ఉన్న మెంటార్ ఆయన ఒక్కరే. కేసేమిటో చెప్పి, వద్దంటే వద్దనవచ్చని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఒకసారి చూస్తాను" అన్నారు.

మొదటి భేటీ ఊరి బడి మైదానంలో, రావిచెట్టు కింద. నేను పక్కనే ఉన్నాను. ఇద్దరూ నేల చూస్తూ కూర్చున్నారు. అయిదు నిమిషాలు అలాగే గడిచాక ఆయన అడిగారు.

"ఆ రోజు ఎల్‌సీ ఎవరు తీసుకున్నారు?"

అబ్బాయికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఏబీ స్విచ్ దించారా?"

"లైను ఆపేశాం అన్నారండీ."

"అన్నారు! నువ్వు చూశావా?"

"లేదండీ."

అప్పుడు ఆయన చెప్పారు. ఏబీ స్విచ్ అంటే స్తంభం మీద లైను కరెంటును తెంచే స్విచ్. లైను మీద పనిచేసే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి, దాన్నే ఎల్‌సీ అంటారు. కరెంటు ఆపామని వాళ్లు రాసి ఇస్తారు. అయినా దాన్ని నమ్ముకుని చెయ్యి పెట్టకూడదు. లైనులో మిగిలిన కరెంటు నేలలోకి పోయేలా డిశ్చార్జ్ రాడ్ తగిలించి, ఎర్త్ చేసి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. పని అయ్యాక, ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి అప్పగించాలి. అప్పటిదాకా లైను ఛార్జ్ చేయడానికి, అంటే మళ్లీ కరెంటు ఇవ్వడానికి, వీల్లేదు. "మా వాడొకడు మాట మీద ఎక్కాడు. పదకొండు వేల ఓల్టులు. నేనే కిందికి దించాను వాడిని." చెయ్యి ఎత్తి, మోకాలంత ఎత్తు చూపించారు. "ఇంత అయ్యాడు."

అబ్బాయి మొదటిసారి తలెత్తాడు. "ఆ తాడు పట్టుకున్నప్పుడు నా చేతికి జివ్వుమందండీ. ఎవరికీ చెప్పలేదు."

పోలీసులు, కోర్టు, తల్లి, నేను అందరం అతన్ని దొంగతనం గురించే అడిగాం. ఆ రాత్రి నువ్వు చనిపోయేవాడివి అని అన్నవారు లేరు. ఇది ఏ శిక్షణలోనూ చెప్పగలిగేది కాదు. ఆ మనిషి వృత్తి ఆయనకు నేర్పిన చూపు అది. మెంటార్‌ను ఎంచుకునేటప్పుడు ఆయనకు పిల్లలతో ఎలా మాట్లాడాలో తెలుసా అని చూస్తాం. ఆయనకు దేని గురించి లోతుగా తెలుసు అన్నది కూడా అడగాలని అక్కడే నేర్చుకున్నాను.

మొదటి మూడు నెలలు ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు కలిశారు. తల్లి ఆయన్ను "అన్నయ్యా" అని పిలవడంతో అబ్బాయికి ఆయన "మావయ్య" అయ్యారు. ఆయన ఒక నోటుబుక్కు పెట్టారు. సర్వీసులో లైను గస్తీ రాసుకున్న పద్ధతిలోనే గళ్లు గీసుకున్నారు: తేదీ, సమయం, కనిపించిన లోపం, చేసిన పని. "20వ తేదీ. 4.00 నుంచి 5.10. లోపం: ముభావం. చేసిన పని: మరమరాలు తిన్నాం." నెలవారీ సమావేశంలో ఈ పుస్తకం చూసి నాకు ఎంత సంతోషం వేసిందో! అందులోనే నాకు హెచ్చరికా ఉంది, చూడలేదు. లోపం అన్న గడి ప్రతివారమూ నిండుతూ వచ్చింది.

విరిగిన చోట

నాలుగో నెలలో ఆయన మారారు. పనికి కొత్త అర్థం దొరికిన మనిషి వేగం అది. వారానికి ఒకసారి కాస్తా రోజూ ఫోనుగా మారింది. నియమం దాటి బూట్లు కొన్నారు, ఫోను రీఛార్జి చేయించారు. నాకు చెప్పలేదు. పదో తరగతి కట్టించి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేర్పించాలని కాగితాలు సిద్ధం చేశారు. అబ్బాయిని అడిగితే "అలాగే మావయ్యా" అన్నాడట. ఆ "అలాగే" వినగానే నాకు తెలియాలి. నా చెవిన పడేసరికి ఆలస్యమైంది.

ఒక ఆదివారం ఆయన ఆ పిల్లవాడితో అన్నారు: "నువ్వు బాగుపడితే నా బతుక్కి ఒక అర్థం ఉంటుందిరా."

పెద్దాయన దిద్దించిన చోటు ఇదే. నా మొదటి ప్రతిలో "ఇలాంటి మాటేదో అన్నారు" అని రాశాను. "కాదు మేడమ్, సరిగ్గా అదే అన్నాను, అదే రాయండి" అన్నారు.

ఆ శుక్రవారం రాత్రి అబ్బాయి పలాస స్టేషన్‌లో చెన్నై వైపు వెళ్లే రైలు ఎక్కాడు. వాళ్ల ఊరివాళ్లు కొందరు అక్కడ భవన నిర్మాణంలో పనిచేస్తారు. ఉద్దానంలో ఇల్లు వదలడమంటే రైలెక్కడమే, అది కొత్తేమీ కాదు. కానీ ఇతను ప్రొబేషన్‌లో ఉన్నాడు. ప్రొబేషన్ అధికారి బోర్డుకు తెలియజేశారు. తల్లికి రెండో రోజే ఫోను చేశాడు కాబట్టి ఎక్కడున్నాడో తెలుసు. తిరిగి రప్పించడానికి బోర్డు మాకు కొంత సమయం ఇచ్చింది.

పెద్దాయన కుప్పకూలిపోయారు. శ్రీకాకుళం వచ్చి నా ఎదురుగా కూర్చుని నోటుబుక్కు బల్ల మీద పెట్టారు. "నా వల్ల కాలేదు. వేరే ఎవరినైనా చూడండి." అప్పుడు అడిగాను, ఎనిమిది నెలల క్రితం అడగవలసిన ప్రశ్న: ఇంట్లో సాయంత్రాలు ఎలా ఉంటాయండీ?

ఆయన గంటన్నర మాట్లాడారు. భార్య పోయాక వంటగదిలో లైటు వేయడం మానేశారట. టీవీ ముందు కూర్చుని తినడం, అక్కడే నిద్రపోవడం. అబ్బాయికి రోజూ ఫోను చేసేది సాయంత్రం ఆరున్నరకు. ఆమె ఉన్నప్పుడు ఇద్దరూ టీ తాగే వేళ అది.

మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ మధ్యవయసు గురించి చెప్పిన మాట మా శిక్షణలో వస్తుంది: తర్వాతి తరానికి ఏదైనా అందించాలన్న తపన తీరకపోతే మనిషి తనలో తాను ముడుచుకుపోతాడని. అది నిజం. స్వచ్ఛంద సేవకు వచ్చేవారి సొంత అవసరాన్ని నేను ఎప్పుడూ తప్పు పట్టను. అవసరం లేని మనిషి వాన పడుతున్నా ఆదివారం నాలుగింటికి రాడు. కానీ ఆ అవసరం బరువు ఎవరి భుజం మీద పడుతోందో చూడవలసిన బాధ్యత నాది. తండ్రిని రెండేళ్లు భుజం మీద మోసిన పిల్లవాడి మీద ఇంకో పెద్దమనిషి బతుకు మోపాం. తిరిగి వచ్చాక అబ్బాయి నాతో అన్న మాట ఇది: "ఆయన మంచోరే మేడమ్. కానీ నేను పాడైతే ఆయన కూడా పాడైపోతారని భయం వేసింది."

ఆ రోజు ఆయన్ను ఉండమని నేను బతిమాలలేదు. వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, తనలో తను అనుకున్నట్టుగా అన్నారు: "ఎల్‌సీ నా పేరు మీదే ఉంది కదా. నేను అప్పగించకుండా వెళ్లిపోతే లైను ఎవరు ఛార్జ్ చేస్తారు?"

తర్వాత చేసినవి

ముందు ఆయన కోసం. వారానికి ఒకసారి నాతో ఫోనులో అరగంట. కొడుకుతో కూడా ఒకసారి మాట్లాడాను, ఆయన అనుమతితోనే. కాశీబుగ్గలో రిటైరైన విద్యుత్ సిబ్బంది కొందరు సాయంత్రాలు కలుస్తారని తెలిసి, అక్కడికి వెళ్లమన్నాను. మొదట రెండు వారాలు వెళ్లలేదు, తర్వాత వెళ్లారు. మెంటార్‌కు తన మనుషులు తనకు ఉండాలి. లేకపోతే పిల్లవాడే మనుషులందరి చోటూ నింపవలసి వస్తుంది.

అబ్బాయి చెన్నైలో ఉన్న ఇరవై మూడు రోజులూ ఆయనకు ఒక పని ఇచ్చాను. అతనికి ఫోను చేయవద్దు, తల్లికి కాగితాల పనిలో సాయం చేయండి. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు దాటకూడదు. మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా కావాలి. ఆయన ఆమె వెంట గ్రామ సచివాలయానికి నాలుగుసార్లు తిరిగారు. వేలిముద్ర యంత్రం ఆమె వేళ్లను ఒప్పుకోకపోతే కనుపాపతో నమోదు చేయించేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఆ పనికి బదులుగా ఆయనకు ఎవరి బతుకూ బాగుపడనక్కరలేదు. నోటుబుక్కులో ఆ వారం లోపం అన్న గడిలో "వేలిముద్ర" అని, చేసిన పని గడిలో "సరిచేశాం" అని ఉంది.

అబ్బాయి తనంతట తనే తిరిగి వచ్చాడు. తల్లి ఫోనులో "మావయ్య ఏమీ అనలేదురా, నా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు" అని చెప్పిందట. బోర్డు ముందు హాజరయ్యాడు, మందలించి ప్రొబేషన్ కొనసాగించారు.

మళ్లీ కలిసిన మొదటి ఆదివారానికి ముందు పెద్దాయనతో ఒక్క ఒప్పందం చేసుకున్నాను: మీరు ఏ ప్రణాళికా తీసుకురావద్దు. ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఐటీఐ కాగితాలు ఇంట్లోనే పెట్టి వెళ్లారు. "నీకేం కావాలి?" అని అడిగారు. అరగంట జవాబు లేదు. వచ్చాక అది ప్రశ్నగా వచ్చింది.

"కేసు ఉన్నవాళ్లను మిలిటరీలో తీసుకోరు కదా మావయ్యా?"

శ్రీకాకుళం జిల్లాలో తెల్లవారకముందే రోడ్ల మీద, సముద్రపు ఒడ్డున పరుగెత్తే కుర్రాళ్లను చూసినవారికి ఈ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో చెప్పనక్కరలేదు. ఇతనూ పన్నెండేళ్లప్పుడు అన్నల వెనక పరుగెత్తేవాడు. అరెస్టయిన రోజే ఆ తలుపు మూసుకుపోయిందని లోపల నిర్ణయించుకున్నాడు. ఇక ఏదైతేనేమి అన్న "అలాగే" అక్కడినుంచి పుట్టింది. ఆరు నెలల కౌన్సెలింగ్‌లో నేను దీన్ని తీయలేకపోయాను.

పెద్దాయన తెలియదని ఒప్పుకుని నాకు ఫోను కలిపి ఇచ్చారు. జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ఏమంటుందో చెప్పాను. ఈ చట్టం కింద విచారణ జరిగిన బాలుడికి శిక్ష వల్ల వచ్చే అనర్హత ఏదీ అంటదు. ఘోర నేరాల్లో పెద్దవాళ్లతో సమానంగా విచారించిన పదహారేళ్లు దాటినవారికే మినహాయింపు, ఇతని కేసు అది కాదు. అప్పీలు గడువు దాటాక రికార్డులు కూడా నాశనం చేయాలి. "అంటే నేను రాయొచ్చా మేడమ్?" అని మూడుసార్లు అడిగాడు. ముందు పదో తరగతి ఉండాలని, సైన్యంలో అగ్నివీర్‌గా చేరడానికి పదిహేడున్నరేళ్లు నిండాలని చెప్పాను. ఆ మధ్యలో ఏడాదికి పైగా ఉంది.

సార్వత్రిక విద్యాపీఠంలో (ఓపెన్ స్కూల్) పదో తరగతికి కట్టాడు. ఫీజు తల్లి కట్టింది, స్పాన్సర్‌షిప్ డబ్బులోంచి. ఆదివారం భేటీ సాయంత్రం నుంచి తెల్లవారుజాము అయిదింటికి మారింది. పెద్దాయనకు పరుగు గురించి ఏమీ తెలియదు. మైదానం గట్టు మీద కూర్చుని ఫోనులో సమయం చూస్తారు, అంతే. అబ్బాయిని ఎలక్ట్రీషియన్‌ను చేయాలనుకున్న మనిషికి ఇది చిన్న పని అనిపిస్తుందేమోనని అడిగాను. "లేదు మేడమ్. ఆ చివరి మలుపులో వాడు నేనున్న వైపు చూస్తాడు" అన్నారు.

ఇప్పటి స్థితి

ప్రొబేషన్ ఏడాది పూర్తయింది, బోర్డు కేసు ముగించింది. పద్నాలుగు నెలల్లో యాభై రెండుసార్లు కలిశారు. ఆగిపోయిన ఆదివారాల్లో మూడు చెన్నైవి, మిగతావి పండుగలు, జ్వరాలు, ఒకసారి తుపాను హెచ్చరిక. పదో తరగతిలో మూడు సబ్జెక్టులు గట్టెక్కాడు, గణితం, ఇంగ్లీషు మిగిలాయి. పాత ముఠాలో ఒకడు రెండుసార్లు ఇంటికి వచ్చి పిలిచాడు. రెండోసారి వచ్చినప్పుడు అబ్బాయి ఆ సంగతి తనే పెద్దాయనకు చెప్పాడు.

దరఖాస్తులో ఇప్పుడు రెండు ప్రశ్నలు చేర్చాను. మీ సాయంత్రాలు ఎలా గడుస్తాయి? గత ఏడాదిలో మీ ఇంట్లో ఎవరినైనా కోల్పోయారా? అవునని రాసినవారిని తిప్పి పంపడం లేదు. వారితో ముందు నేను కూర్చుంటున్నాను.

ఇంకో పిల్లవాడిని కూడా తీసుకుంటానని పెద్దాయన అడిగారు. ఆరు నెలలు ఆగమన్నాను. నోటుబుక్కులో ఇప్పుడు గళ్లు మూడే. లోపం అన్న గడిని ఎప్పుడు తీసేశారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కిందటి ఆదివారం ఇలా ఉంది: "తె. 5.05. మంచు. 1.6 కిలోమీటర్లు, 6 నిమిషాల 12 సెకన్లు. టీ వాడే తెచ్చాడు."